దుప్పిని చంపినవాడు ఇంటికి, చూసినవాడు కోర్టుకి

అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇది మీకు నేను రాస్తున్న ఐదో కాగితం. మొదటి మూడూ ఎక్కడ ఆగిపోయాయో గానీ, నాలుగోదానికి మాత్రం నా ఫోనుకి మెసేజి వచ్చింది. "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కారమైందో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. మా ఆవిడ మాత్రం "పోనీ, నువ్వింకా బతికే ఉన్నావని గవర్నమెంటుకి తెలిసినాది కదా" అంది. అందుకే ఈసారి కవరులో పెట్టి అంటించకుండా, పదిమందీ చదివేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

మాది శ్రీకాకుళం జిల్లా, మహేంద్రగిరి దిగువ. నాలుగెకరాల జీడితోట. ఊరి పేరు, రేంజి పేరు రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఒక బీటు ఆఫీసరు బదిలీ అవుతాడు. ఈ మొత్తం వ్యవహారంలో పని చేసినవాడు అతనొక్కడే.

2024లో శివరాత్రి అమావాస్య వెళ్లిన రెండో రాత్రి. జీడిపిక్కలు రాలే రోజులు కాబట్టి తోటలోనే పడుకున్నాను. తెల్లారగట్ల మా కుక్క ఒక్కసారి కుయ్యిమంది. మళ్లీ చప్పుడు లేదు. టార్చిలైటు పట్టుకుని గెడ్డ (కొండవాగుని మా వైపు అలా అంటాం) వైపు వెళ్తే కుక్క కాళ్లు చాపేసి పడి ఉంది. అది పడిన తీరు చూసి నా కాళ్లు వాటంతటవే ఆగాయి. ఇంకో మూడడుగులు వేసి ఉంటే ఈ ఉత్తరం మా అబ్బాయి రాసేవాడు. ఎదురుగా మోకాలెత్తున బైండింగు తీగ. సైకిలు ట్యూబు ముక్కలు చుట్టిన వెదురు పుల్లలు పాతి, గెడ్డ గట్టు పొడుగునా లాగేశారు. ఆ కొస తోట అంచున పోయే కరెంటు లైనుకి కొక్కెంతో తగిలించి ఉంది. వేసవిలో కొండమీద చెలమలు ఎండిపోతే జంతువులు నీళ్లకి దిగే దారి అదొక్కటే. కుక్కకి పదిగజాల అవతల ఆడ దుప్పి. చూడిది.

లైను ఆపమని ఫోను చేస్తే నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా బీటు ఆఫీసరు చేతికర్రతో ఒక్కడే బండి మీద వచ్చాడు. వస్తూ వస్తూ కల్వర్టు దగ్గర ముగ్గురిని పట్టుకున్నాడు, రెండు గోనెసంచులతో. అంటే మేం చూసిన దుప్పి రెండోది. మొదటిది అప్పటికే ముక్కలైపోయింది. సగం మాంసం ఒక కారులో ఎక్కి వెళ్లిపోయిందని ఆ ముగ్గురిలో ఒకడే చెప్పాడు. ఆ కారు సంగతి పంచనామాలో ఉందేమో అని నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

పశువుల డాక్టరు వచ్చారు, కోశారు, కడుపులో పిల్లని బయటికి తీసి పక్కన పెట్టారు. గొయ్యి తీసి, కిరసనాయిలు పోసి అంతా కాల్చేశారు. నేను సాక్షి సంతకం పెట్టాను. అది నా చేతులారా చేసుకున్న పని, ఎవరినీ అనడానికి లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ముగ్గురిలో ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 54వ సెక్షనట, కేసు లేకుండా పోయేలా రాజీ రుసుము కట్టారట. ఆ 1972 చట్టం, దాని 2022 సవరణ మీ టేబులు మీద ఉండేవే, మీకు నేను చెప్పనక్కర్లేదు. నేనే ఈ రెండేళ్లలో నేర్చుకున్నాను, వయసు మీద పడ్డాక. ఒకప్పుడు ఆ రుసుము 25 వేలు దాటకూడదు, ఇప్పుడు 5 లక్షల దాకా వెయ్యొచ్చు. ఆ ఇద్దరికీ ఎంత వేశారని సమాచార హక్కు కింద అడిగితే "మూడో వ్యక్తికి సంబంధించిన సమాచారం" అన్నారు. అయ్యా, మూడో వ్యక్తే కదా కట్టలేకపోయింది!

ఆ మూడో వ్యక్తి కొండమీద సవర గూడెం కుర్రాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. పుల్లలు పాతి, సంచి మొయ్యడానికి ఐదువందల కూలికి వచ్చాడు. రుసుము కట్టే తాహతు లేదు, కట్టేవాళ్లు లేరు. పదిహేడు రోజులు సబ్ జైల్లో ఉన్నాడు. తీగ కొన్నవాడు, కొక్కెం తగిలించినవాడు, కారు తెచ్చినవాడు, కూర వండుకుని తిన్నవాడు, వీళ్లంతా కేసులో లేరు. కుర్రాడు ఉన్నాడు. నేను ఉన్నాను. ఇప్పటికి పదకొండు వాయిదాలు.

వాయిదా రోజు ముద్దాయీ సాక్షీ ఒకే బస్సులో వెళ్తాం సార్. మా దారికి పొద్దున్న ఉండేది ఒకటే బస్సు. మొదట్లో అతను వెనక సీట్లో, నేను ముందు. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుంటున్నాం. రెండుసార్లు అతని టిక్కెట్టు నేనే తీశాను. కిందటేడు ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక వాళ్లమ్మ కూడా వస్తోంది. కోర్టు బయట చింతచెట్టు కింద కూర్చుంటే ఒకరోజు అడిగింది: "బాబూ, దుప్పి తిన్నోలకి ఏటీ నేదు. మోసినోడికి జైలేటి బాబూ?" నేను చట్టం చదువుకున్నవాణ్ణి కదా, చెప్పాలి కదా. నోరు పెగల్లేదు. కావాలంటే మీరొకసారి వచ్చి చెప్పండి. ఆవిడ అక్కడే ఉంటుంది, వచ్చే వాయిదాకి కూడా.

మీ శాఖవాళ్లు సభల్లో సల్మాన్‌ఖాన్ కేసు చెబుతుంటారు, ఎంత పెద్దవాడైనా తప్పించుకోలేడని. నిజమే. 1998లో రాజస్థాన్‌లో కృష్ణజింకల్ని చంపిన కేసుకి 2018 ఏప్రిల్ 5న జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్లు వేసింది. రెండు రాత్రుల తర్వాత బెయిలు. మా సవర కుర్రాడు పదిహేడు రాత్రులు ఉన్నాడు, అతనికి ఇంకా శిక్షే పడలేదు. అయినా నాకు ఆ కేసులో ఆశ్చర్యమనిపించేది సాక్షులు. ఇరవై ఏళ్లు మాట మార్చకుండా నిలబడ్డారు. వాళ్ల వెనక జింకల్ని ప్రాణంలా చూసుకునే బిష్ణోయిలంతా ఉన్నారు. నా వెనక మా కుక్క ఉండేది.

ఊళ్లో ఇప్పుడు నా పేరు "జింకల మావ". టీకొట్టు దగ్గరికి వెళ్తే బల్ల మీద చోటు దొరుకుతుంది, ఎందుకంటే కూర్చున్నవాళ్లు లేచిపోతారు. మొన్న సంక్రాంతికి ముందు పద్నాలుగు జీడిమొక్కలు, మూడో ఏటివి, మొదలంటా నరికేశారు. ఎవరు నరికారో నాకు తెలుసు, పంచాయితీ పెట్టినవాళ్లకీ తెలుసు. పోలీసులు "అడవి కేసు మాది కాదు" అంటారు. అడవివాళ్లు "తోట కేసు మాది కాదు" అంటారు. తోటకీ అడవికీ మధ్య గెడ్డ ఉంది, ఆ గెడ్డలో నన్ను నిలబెట్టారు.

శాలువా సంగతి కూడా చెప్పాలి. 2024 అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాల్లో నన్ను స్టేజి మీదకి పిలిచి శాలువా కప్పారు. ఫ్లెక్సీ మీద నా ఫొటో కూడా వేశారు, పక్కన దుప్పి బొమ్మ. అది దుప్పి కాదు, ఏదో విదేశీ జంతువు, కొమ్ములు చూస్తేనే తెలిసిపోతుంది. ఆ సభలో ఒక పెద్దాఫీసరు మైకులో మాటిచ్చారు. వచ్చే వేసవి నుంచి అడవి సిబ్బంది, కరెంటు సిబ్బంది కలిసి రాత్రి గస్తీ తిరుగుతారు, కొండ దిగువ లైన్లన్నీ తనిఖీ చేస్తారు, గెడ్డలకి రాకుండా జంతువులకి పైనే నీటితొట్లు కడతారు అని. చప్పట్లు కొట్టాం. వచ్చే వేసవి వచ్చింది, వెళ్లింది. ఆ తర్వాత వేసవి ఇప్పుడు నడుస్తోంది. తొట్టి లేదు, గస్తీ లేదు. కిందటేడు వైశాఖంలో మా పక్కతోట రైతు ఎద్దు అలాంటి తీగకే పడిపోయింది. జత ఎద్దులో ఒకటి పోతే రెండోది కూడా పోయినట్టే. దానికి పరిహారం ఏ శాఖ ఇవ్వాలో తేలలేదు. శాలువా మాత్రం బాగుంది సార్, చలికాలం వాయిదాలకి అదే కప్పుకుని వెళ్తున్నాను.

ఒక నిజం ఒప్పుకోవాలి. తీగ పెట్టేవాళ్లంతా వేటగాళ్లు కారు. అడవిపందులు చేను కుమ్మేస్తే మా రైతులూ పెడతారు. నేనూ పెట్టాను, చాలా ఏళ్ల కిందట, వేరుశనగ వేసిన ఏడు. రెండు రాత్రులు. మూడో రోజు మా ఆవిడ తిట్టి తీయించింది. పంటకి రాత్రి కాపలా కాయడం ఎంత నరకమో తెలిసినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను, పంది పేరు చెప్పి పెట్టిన తీగకే దుప్పి పడుతుంది, కొండగొర్రె పడుతుంది, మనిషీ పడతాడు. పడ్డాక అది పంట కాపలా తీగా, వేట తీగా అని కేసులో వాదన. మీరు పందుల సంగతి తేల్చితే ఆ సాకు పోతుంది. ఎవరూ తేల్చరు, ఎందుకంటే ఆ సాకు చాలామందికి కావాలి.

మన్యంలో ఇటుకల పండక్కి వేటకి వెళ్లే ఆచారం ఉందని, గిరిజనుల్ని చూపించి చెయ్యి దులుపుకునేవాళ్లని కూడా చూశాను. విల్లు పట్టుకుని పగలు వెళ్లేవాడికీ, అమావాస్య రాత్రి గవర్నమెంటు కరెంటుతో చంపి మేకమాంసం కంటే తక్కువకి కారులో అమ్మేవాడికీ తేడా తెలియని శాఖ కాదు మీది. అది మేకమాంసమే అని ఆ రోజు ఒకడు బుకాయించాడు కూడా. హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధనశాల వాళ్లకి చిన్న ముక్క పంపితే ఏ జంతువో తేల్చి చెబుతారు. పంపారా? ఇదీ నేను అడిగిందే, రెండో అర్జీలో.

మా వేటగాళ్లకి ఆ చట్టంలోని షెడ్యూళ్లు, అంటే జంతువుల జాబితాలు, నాకంటే బాగా వచ్చు. మొదటి షెడ్యూలు జంతువుని చంపితే మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకి తగ్గని జరిమానా, రాజీ లేదు. కృష్ణజింక అందులోది, మన రాష్ట్ర జంతువు. మా దుప్పికి ఆ భాగ్యం లేదు. మూడేళ్ల వరకూ జైలు గానీ, లక్ష వరకూ జరిమానా గానీ, రెండూ గానీ అని రాసి, పక్కనే రాజీ తలుపు తెరిచి పెట్టారు. చుక్కల దుప్పి ఇప్పుడు తెలంగాణ వాళ్ల రాష్ట్ర జంతువు. ఉమ్మడి ఆస్తుల పంపకంలో అది అటు పోయిందని మావాళ్లు సరిపెట్టుకున్నట్టున్నారు.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, గంజాం జిల్లా. అక్కడ భేట్నోయి, బలిపదర్ వైపు కృష్ణజింకలు పొలాల్లో ఆవుల్లా తిరుగుతాయి. చేను మేసినా రైతు అదిలించడు, జింక కాలు పెట్టిన పొలం పండుతుందని నమ్మకం. వాళ్లకి తుపాకులూ తెలుసు, తీగలూ తెలుసు. మేం వాళ్ల సంతలకి వెళ్తాం, వాళ్లు మా పెళ్లిళ్లకి వస్తారు. జింక దగ్గరికి వచ్చేసరికే మధ్యలో సరిహద్దు పడింది.

సార్, మీరు అడవి ఏనుగుల్ని తోలడానికి కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని తెప్పించారు. టీవీలో చూశాం, సంతోషించాం. నేను ఏనుగుని అడగడం లేదు. ఆ ఇద్దరి దగ్గర ఎంత కట్టించుకున్నారో చెప్పమంటున్నాను. కారు ఎవరిదో రాయమంటున్నాను. మైకులో చెప్పిన గస్తీ ఒక్క రాత్రయినా తిరగమంటున్నాను, కావాలంటే టీ నేను పెట్టిస్తాను. సాక్షిగా నిలబడ్డవాడి చెట్లు నరికితే అది ఏ శాఖ పనో మీరే నిర్ణయించి నాకొక ముక్క రాయండి. ఆ కుర్రాడి సంగతి మాత్రం ఎలా అడగాలో తెలియడం లేదు. అతని మీద సాక్ష్యం చెప్పాల్సినవాణ్ణి నేనే. అబద్ధం చెప్పలేను, తీగ దగ్గర అతని పుల్లలు చూశాను. కానీ పైన ఉన్నవాళ్లని వదిలేసి అతనొక్కడి మీద చెప్పమంటే, కోర్టు గుమ్మం ఎక్కిన ప్రతిసారీ నా నోరు ఎండిపోతోంది. దీనికి ఏ సెక్షను ఉందో చూసి చెప్పండి.

నాకు దొరికిన సెక్షను ఒకటి ఉంది, 55. మీ అధికారులు ఫిర్యాదు చెయ్యకపోతే, 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి మామూలు మనిషయినా నేరుగా కోర్టులో ఫిర్యాదు వేసుకోవచ్చట. మాంసం కొన్న కారు మీద, తెలిసినంత వరకు వివరాలతో, ఆ నోటీసు ఈ రోజే స్పీడ్ పోస్టులో పంపాను, రసీదు దాచుకున్నాను. ఇవాళ్టికి పిక్కలు సగమే ఏరాం. అరవయ్యో రోజుకి ఏరడం అయిపోతుంది, బస్తాలు పలాస వెళ్లిపోతాయి, నాకు పనుండదు. ఆ రోజు పొద్దున్న బస్సుకి వస్తాను. కుర్రాడూ, వాళ్లమ్మా ఎలాగూ అందులోనే ఉంటారు.

ఇట్లు,
మహేంద్రగిరి దిగువ జీడి రైతు ఒకడు