అంతర్వేదిలో ఆదుకున్న పెద్దమనిషికి కృతజ్ఞతలు

సంక్రాంతి సెలవులకు పిల్లలతో, మా అమ్మగారితో కోనసీమకు వచ్చి, అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకొని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్తుండగా మా కారు ముందు చక్రాలు ఇసుకలో దిగబడిపోయినప్పుడు, పిలవకుండానే వచ్చి సాయం చేసిన పెద్దమనిషికి మా కుటుంబమంతా నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పేరు అడిగితే "పేరుతో పనేముందండీ, ముందు బండి లేపుదాం" అన్నారు. సముద్రం పోటు మీద ఉందని హెచ్చరించి, మమ్మల్ని తొందరపెట్టింది కూడా మీరే. టైర్లలో గాలి కొంత తీయించి, చక్రాల ముందున్న ఇసుకను చేతులతోనే తోడి, ఎండిన కొబ్బరి మట్టలను చక్రాల కిందికంటా జొనిపి, ఇంజను గట్టిగా రేజ్ చేయకుండా మెల్లగా పోనిమ్మని మా డ్రైవరుకు చెప్పారు. మొదటిసారి మట్టలు ఫటఫటమని విరిగి వెనక్కి ఎగిరాయే గాని కారు కదల్లేదు. మీరు విసుక్కోకుండా మళ్లీ పరిచారు. మాకైతే అప్పటికే ఆశ పోయింది.

ఎండకు నీరసించిన మా అమ్మగారికి నీడ చూపించి, బొండాం కొట్టి ఇచ్చారు. డబ్బు ముట్టలేదు. చీకటి పడకముందే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం చేరుకోగలిగామంటే అది మీ చలవే.

మీ తువ్వాలు మా కారులోనే ఉండిపోయింది. భీష్మ ఏకాదశికి స్వామివారి రథోత్సవానికి వచ్చినప్పుడు తెచ్చి ఇస్తాము.