‘వారం రోజులు నీళ్లే’ అని భయపెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఓడ ప్రయాణాల మీద వచ్చిన వ్యాసం చదివాను. మిగతావన్నీ బాగా రాశారు. అట్లాంటిక్ దాటే ఓడల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వారం రోజులు నీళ్లు తప్ప ఏమీ కనబడదు, పెద్దవాళ్లకు పనికిరాదు’ అని ఒక్క మాటతో తేల్చేశారు. నేను తిరుపతిలో టీచరుగా పని చేసి రిటైరయ్యాను. నాకు 64 ఏళ్లు, మా ఆయనకు 69, ఆయనకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మేమిద్దరం పోయిన ఏప్రిల్లో సరిగ్గా ఆ ప్రయాణమే చేసి వచ్చాం కాబట్టి ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను.

మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉంటాడు. అక్కడ ఐదు నెలలు ఉండి, తిరిగొచ్చేటప్పుడు ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఓడ ఎక్కి, బార్సిలోనాలో దిగి, అక్కడి నుంచి విమానంలో చెన్నై చేరాం. ఓడలో మొత్తం 14 రాత్రులు. అందులో మొదటి ఏడు రోజులు ఒక్క రేవు కూడా లేదు, నిజమే. అట్లాంటిక్ మధ్యలో ఉన్న అజోర్స్ దీవుల దాకా 5,000 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఓడేమో గంటకు 33, 35 కిలోమీటర్లకు మించి పోదు. ఘాట్ రోడ్డులో కొండ ఎక్కే మన సప్తగిరి బస్సు కంటే ఏమంత ఎక్కువ కాదు.

ఇంత నిదానంగా ఎందుకు పోవాలి, విమానంలో అయితే ఒక్క రోజులో తేలిపోతుంది కదా అని మా బంధువులు కూడా అడిగారు. తిరుమలకు బస్సులో గంటలోపే వెళ్లొచ్చు, అయినా అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లు రోజూ ఎంతమంది? ఆ మెట్ల మీద గడిపిన టైం వేస్టయిందని మన ఊళ్లో ఎవరైనా అంటారా? నాకైతే ఆ ఏడు రోజులూ అలాగే అనిపించాయి.

మొదటి రెండు రోజులు నాకూ దిక్కు తోచలేదు, అది దాచను. ఫోన్ లేదు (ఓడలో నెట్ చాలా ఖరీదు, మేము కొనలేదు, ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేశాం, లేకపోతే రోమింగ్ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి), వంట పని లేదు, కాలింగ్ బెల్ మోగదు. మూడో రోజు నుంచి మాత్రం పొద్దున ఐదున్నరకల్లా డెక్ మీద ఉండేదాన్ని. ఆ వేళకు చెక్క రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే తడిగా, జిగటగా ఉండేది, వేలు నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. ఒక కుర్రాడు మంచినీళ్ల పైపుతో ఆ ఉప్పంతా కడిగేవాడు, గోవా అబ్బాయి, హిందీలో మాట్లాడేవాడు. ఆ నీళ్లు కూడా సముద్రపు నీళ్ల నుంచే ఓడలో తయారు చేస్తారని అతనే చెప్పాడు. నీళ్ల మీద పసుపు రంగు నాచు చారలు చారలుగా తేలుతూ కనిపించింది, దాని పేరు కూడా అతనే చెప్పాడు, సర్గాసమ్ అట. ఆ నాచు పేరుతోనే సర్గాసో సముద్రం ఉంది, ఏ పక్కా ఒడ్డు లేని సముద్రం ప్రపంచంలో అదొక్కటే. జాగ్రఫీ పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో దాన్ని, చూడటం మాత్రం అప్పుడే.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. అమెరికా నుంచి యూరప్ వైపు వెళ్లేటప్పుడు గడియారం ఒక్కసారిగా ఆరు గంటలు మారదు, కొన్ని రాత్రులు గంట చొప్పున ముందుకు జరుపుతారు. ‘ఈ రాత్రి గడియారం ఒక గంట ముందుకు పెట్టుకోండి’ అని సాయంత్రం మంచం మీద కార్డు పెట్టి వెళ్లేవారు. మా ఆయన ఆ కార్డు చూడగానే వాచీ విప్పి తిప్పుకుని, తన మందుల చీటీలో టైం కూడా దిద్దుకునేవారు. విమానంలో వెళ్లినప్పుడు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియక, నిద్ర పట్టక, నాలుగు రోజులు షుగరు పైకీ కిందికీ అయ్యేది. ఈసారి ఆ టెన్షనే లేదు. పెద్దవాళ్లకు పనికిరాదన్నారే, నన్నడిగితే పెద్దవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

అలాగని అందరినీ ఎక్కమని చెప్పను. ఓడలో డాక్టరు, చిన్న ఆసుపత్రి ఉంటాయి, కానీ నడి సముద్రంలో పెద్ద జబ్బు వస్తే హెలికాప్టర్ కూడా అంత దూరం రాలేదు. ఈ మధ్యే గుండె ఆపరేషన్ అయినవాళ్లు దయచేసి వెళ్లవద్దు, మిగతావాళ్లు కూడా డాక్టరును అడిగి, ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా వచ్చే ఇన్సూరెన్స్ తీసుకునే ఎక్కండి. ఐదో రోజు సముద్రం బాగా ఊగింది, మా పక్క గదివాళ్లు భోజనానికే రాలేదు. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ. ఇంటి ఊరగాయను చాలా ఓడల్లో రానివ్వరు, కరెంటు కుక్కరు, ఇస్త్రీపెట్టె కూడా వద్దంటారు. పెరుగూ అన్నమూ దొరికాయి, ముందురోజు చెబితే పప్పు కూడా చేసి పెట్టారు.

టికెట్ తక్కువే, ఎందుకంటే చలికాలం కరీబియన్లో తిరిగే ఓడలు ఎండాకాలానికి ఎలాగూ యూరప్‌కు మారాలి, ఖాళీగా పోయే బదులు చవగ్గా ఎక్కించుకుంటారు. కానీ సిబ్బందికి ఇచ్చే టిప్పు మాకు రోజుకు మనిషికి 18 డాలర్లు పడింది, 14 రోజులకు ఇద్దరికీ లెక్క వేసుకోండి, 504 డాలర్లు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వీసా. అంతకు ముందు ఏడాదే వెళ్లాలనుకున్నాం. ఒక ట్రావెల్ ఏజెంటు ‘అమెరికా వీసా ఉంది కదా, చాలు’ అన్నాడు, నమ్మి డబ్బు కట్టేశాం. అజోర్స్ పోర్చుగల్‌వి, బార్సిలోనా స్పెయిన్‌ది, రెండింటికీ షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలని అమెరికా వెళ్లాక తెలిసింది. అక్కడే తీసుకుందామంటే, ఆ వీసాకు మామూలుగా మనం నివాసం ఉండే దేశంలోనే దరఖాస్తు చేసుకోవాలి, చూడటానికి వచ్చినవాళ్లకు అక్కడ ఇవ్వరని చెప్పారు. కట్టిన డబ్బులో సగం పోయింది. మా అబ్బాయి ముందు మా ఆయన పైకి ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి ఎంతసేపు కూర్చుని ఆ రసీదులు చూసుకున్నారో నాకు తెలుసు. రెండోసారి చెన్నై వెళ్లి వేలిముద్రలు ఇచ్చి, వీసా చేతికి వచ్చాకే అమెరికా విమానం ఎక్కాం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, కాబట్టి ఓడ ఎక్కే తేదీ, అమెరికా వెళ్లే తేదీ రెండూ ముందే చూసుకోవాలి. మన తిరుపతి, చిత్తూరు నుంచి ఏటా ఎంతమంది తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి వెళ్తున్నారో మీకు తెలుసు. ఈ ఒక్క సంగతి మీ పేపర్లో పెద్ద అక్షరాలతో వేయండి.

ఎనిమిదో రోజు పొద్దున అజోర్స్‌లోని పొంటా డెల్గాడా రేవు కనిపించకముందే తడి గడ్డి వాసన వచ్చింది. డెక్ మీద ఉన్నవాళ్లంతా మాటలు ఆపేసి అటే చూస్తూ నిలబడ్డారు. కొండల మీద ఆవులు, కింద తెల్లటి ఇళ్లు. మా ఆయన దిగనని కాసేపు మొండికేశారు, ఇంకో నాలుగు రోజులు సముద్రం మీదే ఉంటే బాగుండేదట.

ఈ అక్టోబరులో అబ్బాయి దగ్గరికి మళ్లీ వెళ్తున్నాం, ఈసారి బార్సిలోనా నుంచే ఓడ. పడమరకు వెళ్లేటప్పుడు గడియారం వెనక్కి జరుపుతారు కాబట్టి కొన్ని రోజులకు 25 గంటలు. చెన్నైలో వీసా అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి