అలాస్కా టూరు: ముందు నేల లెక్క, తర్వాతే ఓడ లెక్క

సంపాదకులకు నమస్కారం.

ఏటా వేసవికి ముందే పత్రికల్లో అలాస్కా టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. హిమానీనదం ముందు తెల్లటి ఓడ, దాని కింద "7 రాత్రులు క్రూయిజ్, 4 రాత్రులు డెనాలి" అని ఒక్క లైను, పక్కన ఒక ధర. (డెనాలి అంటే అలాస్కాలోని ఒక పెద్ద పర్వతం, దాని చుట్టూ ఉన్న నేషనల్ పార్కు.) అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు, ఇక్కణ్నుంచి బృందంగా వెళ్లేవాళ్లు ఆ ఒక్క లైను చూసి అడ్వాన్సు కట్టేస్తున్నారు. అందులో రాయని విషయాల మీదే ఈ టూరు మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి. అవి మీ పాఠకులకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు వీసా సంగతి. అలాస్కా అమెరికా రాష్ట్రమే కాబట్టి అమెరికా వీసా ఒక్కటి చాలనుకుంటారు. చాలదు. 1886 నాటి అమెరికా నౌకా చట్టం ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను నేరుగా మరో అమెరికా రేవులో దించకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపుగా విదేశీ జెండావే. అందుకే క్రూయిజ్, ల్యాండ్ (నేల మీద తిరిగే భాగం) కలిపిన టూర్లలో ఓడ కెనడాలోని వాంకూవర్ నుంచి బయలుదేరి అలాస్కాలోని సీవార్డ్‌లోనో విట్టియర్‌లోనో దించుతుంది, లేదా అక్కడ ఎక్కించుకుని వాంకూవర్‌లో దించుతుంది. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడలు కూడా ఈ చట్టం కోసమే కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. అంటే ఏ దారిన వెళ్లినా భారత పాస్‌పోర్టు ఉండి గ్రీన్‌కార్డు లేనివాళ్లకు కెనడా వీసా కూడా కావాలి. విక్టోరియాలో దిగం, గదిలోనే కూర్చుంటాం అన్నా కుదరదు. ఓడ ఎక్కేచోటే అడుగుతారు.

కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. అమెరికా పౌరసత్వం వచ్చిన కొడుక్కి కెనడా వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్న కోడలికీ అక్కర్లేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ చేతిలో ఉంటే చాలు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం తప్పనిసరి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకూ తప్పదు. పిల్లలు తమకు అక్కర్లేదు కదా అని పెద్దవాళ్ల సంగతి మరిచిపోతారు. పెద్దవాళ్లు అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వేలిముద్రలు అక్కడి కేంద్రాల్లోనే ఇవ్వొచ్చు. అయితే స్టాంపింగ్ కోసం పాస్‌పోర్టు పంపించాలి కాబట్టి ఆ రోజుల్లో ఇంకే విదేశీ ప్రయాణమూ పెట్టుకోకూడదు. అమెరికా వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదో కాదో కూడా చూసుకోవాలి. అమెరికాలో దిగి, వాంకూవర్ వెళ్లి, మళ్లీ ఓడలో అలాస్కా చేరితే అది రెండో ప్రవేశం.

ఇక అసలు విషయం. చాలామంది ముందు ఓడ ఎంచుకుని, దానికి తగిలించిన ల్యాండ్ టూర్ ఏదో ఒకటి ఒప్పుకుంటారు. మేం చెప్పేది అటు నుంచి ఇటు రమ్మని, అంటే ముందు నేల మీది టూరు ఎంచుకుని తర్వాత ఓడ చూసుకోమని. ఓడ మీద ఏడు రోజులూ వాళ్లే తిప్పుతారు, వాళ్లే వండిపెడతారు, సామాను ఒక్కసారి విప్పితే చాలు. కష్టమంతా నేల మీదే. అక్కడ దూరాలు మన అంచనాకు అందవు. సీవార్డ్ నుంచి యాంకరేజ్ 127 మైళ్లు. యాంకరేజ్ నుంచి డెనాలి పార్కు ద్వారం సుమారు 240 మైళ్లు. అక్కణ్నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ మరో 120. యాంకరేజ్ నుంచి డెనాలికి రైల్లో దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. దారి అందంగా ఉంటుంది, రైలు ఎక్కాల్సిందే. కానీ ఆ రోజు ఇంకేమీ చేయలేమని ముందే లెక్క వేసుకోవాలి.

అందుకే ప్రకటనలో "డెనాలి" అని కనిపించగానే మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, పార్కు దగ్గర ఎన్ని రాత్రులు? ఒక్క రాత్రి అంటే ఆ టూరు వద్దు. రైలు చేరేది సాయంత్రం నాలుగు ప్రాంతంలో, మర్నాడు యాంకరేజ్ వైపు రైలు బయలుదేరేది మధ్యాహ్నం. పార్కు లోపలికి తీసుకెళ్లే బస్సు టూరుకే ఐదు గంటల పైన పడుతుంది. అది ఆ ఒక్క ఉదయంలో ఇమడాలంటే చాలా పొద్దున్నే లేవాలి, వాన పడినా మబ్బు పట్టినా మరో అవకాశం ఉండదు. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి రోజు దొరుకుతుంది.

రెండు, లాడ్జి ఎక్కడుంది? పేరులో పర్వతం పేరు ఉన్నంత మాత్రాన పార్కు పక్కన ఉన్నట్టు కాదు. యాంకరేజ్ వైపు నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కు వెళ్లే పార్క్స్ హైవే మీద పార్కు ద్వారం 237వ మైలు దగ్గర ఉంటే, టూర్లలో ఎక్కువగా వాడే ఒక లాడ్జి 133వ మైలు దగ్గర ఉంది. అంటే వంద మైళ్లకు పైగా దక్షిణాన. అది చెడ్డ చోటేమీ కాదు. ఆకాశం తెరిపిస్తే పర్వతం అక్కణ్నుంచి చక్కగా కనిపిస్తుంది. కానీ అక్కడ రెండు రాత్రులు, పార్కు దగ్గర ఒక్క రాత్రి ఇచ్చి "డెనాలిలో మూడు రాత్రులు" అని రాస్తే మోసపోయేది మనమే. లాడ్జి పేరు కాదు, మైలు నంబరు అడగండి.

మూడు, బస్సు ఎంతదూరం వెళ్తుంది? పార్కు లోపల ఉన్న రోడ్డు ఒక్కటే, 92 మైళ్లు. సొంత వాహనాలను 15వ మైలు దగ్గరి సావేజ్ నది వరకే రానిస్తారు, ఆపైన బస్సులే. 2021 ఆగస్టులో 45వ మైలు దగ్గర ప్రిటీ రాక్స్ అనే చోట కొండచరియ జారడం ఎక్కువై రోడ్డు మూసేశారు. అడుగున ఉన్న మంచుతో కలిసిన నేల కరిగి జారుతుండటమే కారణం. అక్కడ వంతెన కడుతున్నారు. అప్పటి నుంచీ బస్సులు 43వ మైలు దగ్గరే వెనక్కి తిరుగుతున్నాయి. 66వ మైలు దగ్గరి ఐల్సన్ సందర్శకుల కేంద్రం, 85వ మైలు దగ్గరి వండర్ లేక్ సరస్సు పాత ఫొటోల్లో చూసి ఆశపడితే నిరాశే మిగులుతుంది. మీరు వెళ్లే ఏటికి రోడ్డు ఎక్కడిదాకా తెరిచారో పార్కు వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోండి. పైగా చాలా ప్యాకేజీల్లో కలిపి ఇచ్చేది 30వ మైలు దగ్గరే వెనుదిరిగే చిన్న టూరు. 43వ మైలు దాకా వెళ్లేదానికి అదనంగా కట్టాలి. కట్టండి. ఎలుగుబంట్లు, క్యారిబూలు (ఒక రకం జింకలు), డాల్ గొర్రెలు (తెల్లటి కొండగొర్రెలు) కనిపించే అవకాశం ఆ అదనపు మైళ్లలోనే పెరుగుతుంది.

పర్వతం సంగతి కూడా నిజం చెప్పుకోవాలి. 20,310 అడుగుల ఆ శిఖరం తన చుట్టూ తానే మబ్బులు కూడగట్టుకుంటుంది. వేసవిలో వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికే కనిపిస్తుంది. ఆ ప్రాంతంలో రాత్రులు పెంచుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. 2025లో అమెరికా ప్రభుత్వం శిఖరానికి మళ్లీ మెకిన్లీ అని పేరు పెట్టింది, పార్కు పేరు మాత్రం డెనాలిగానే ఉంది. కాగితాల్లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి.

ప్రయాణంలో ఓడ ముందా, నేల ముందా? ఏజెంట్లు ఏది ఖాళీగా ఉంటే అది అంటగడతారు. దీనికి మా జవాబు మీరు ఎక్కణ్నుంచి వస్తున్నారన్నదాని మీద ఉంటుంది. వేసవిలో అలాస్కా మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చి ఆరింటికల్లా బస్సు ఎక్కమంటే అరవై దాటినవాళ్లు తట్టుకోలేరు. అలాంటివాళ్లు వాంకూవర్‌లో ఒక రాత్రి పడుకుని ముందు ఓడ ఎక్కాలి. ఓడలోనే నిద్ర వేళలు సర్దుకుంటాయి. అప్పటికే నెలో రెండు నెలలో పిల్లల దగ్గర ఉన్నవాళ్లయితే ముందు నేల, తర్వాత ఓడ మేలు. రోజుకో హోటలు, పొద్దున్నే సామాను బయట పెట్టడాలు ముందే అయిపోయి, చివరి ఏడు రోజులు ఒకే మంచం మీద విశ్రాంతి. ఏ వరసలోనైనా ఓడ బయలుదేరే రోజునే విమానం దిగేలా మాత్రం టికెట్ తీసుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. వాంకూవర్ విమానాశ్రయం నుంచి ఓడరేవు పక్కనున్న వాటర్‌ఫ్రంట్ స్టేషన్‌కు కెనడా లైన్ రైల్లో 25 నిమిషాలే.

దిగే రోజున ఇంకో చిక్కుంది. ఓడ పొద్దున్నే రేవు చేరినా, సీవార్డ్ నుంచి యాంకరేజ్ విమానాశ్రయానికి రెండున్నర గంటలు. విట్టియర్ దగ్గరే కానీ, బయటికి రావాలంటే రెండున్నర మైళ్ల సొరంగం దాటాలి. అందులో ఒకే వరస. రైళ్లూ కార్లూ అదే దారిన వంతులవారీగా వెళ్తాయి. ఒక్కో వైపుకు గంటకు ఒకసారే వదులుతారు. ఆ వంతు తప్పితే గంట కూర్చోవాలి. మధ్యాహ్నం రెండు దాటాకే విమానం ఉండేలా చూసుకోండి.

నెల ఎంచుకోవడంలో అన్నీ ఒకేసారి దొరకవు. డెనాలి బస్సులు తిరిగేది మే 20 ప్రాంతం నుంచి సెప్టెంబరు మధ్య వరకే. మే, జూన్ నెలల్లో తీరప్రాంతంలో వాన కాస్త తక్కువ. జూన్ చివర ఫెయిర్‌బ్యాంక్స్‌లో దాదాపు 22 గంటలు పగలే. గదికి మందపాటి కర్టెన్లు లేకపోతే నిద్ర పట్టదు, కళ్లకు గంత తీసుకెళ్లాలి. జూన్, జూలైల్లో లోపలి ప్రాంతాల్లో దోమలు, కొన్నేళ్లు కార్చిచ్చు పొగ. జూలై, ఆగస్టుల్లో సాల్మన్ చేపలు ఎదురీదుతూ వాగుల్లోకి వస్తాయి, వాటి కోసం ఎలుగులు వస్తాయి. ఆగస్టు చివరి వారం, సెప్టెంబరు మొదటి వారం మాకు ఇష్టమైన కాలం. డెనాలిలో నేల మీది పొదలన్నీ ఎర్రబడతాయి, రాత్రి చీకటి పడుతుంది కాబట్టి ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆకాశం తేటగా ఉంటే అరోరా (రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగు) కూడా కనిపించవచ్చు. బదులుగా ఓడ ఆగే కెచికాన్, జూనో రేవుల్లో వాన భరించాలి. కెచికాన్‌లో ఏడాదికి పన్నెండు అడుగులకు పైగా వాన కురుస్తుంది.

ఓడ విషయంలో గది కన్నా దారి ముఖ్యం. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే అనుమతిస్తారు, కాబట్టి అన్ని ఓడలూ అక్కడికి వెళ్లవు. దారిలో ఆ పేరు ఉందో లేదో చూడండి. అక్కడ ఓడ రేవులో ఆగదు. పార్కు రేంజర్లే ఓడ ఎక్కి వివరిస్తారు. హబ్బర్డ్ హిమానీనదం కూడా గొప్పదే, కానీ నీళ్లలో మంచుగడ్డలు ఎక్కువైతే, పొగమంచు కమ్మితే ఓడ దూరంలోనే ఆగిపోతుంది. బాల్కనీ ఏ వైపు తీసుకోవాలన్న చర్చకు అర్థం లేదు, హిమానీనదం ముందు ఓడను గుండ్రంగా తిప్పుతారు. చలిగాలిలో డెక్ మీద నిలబడగలిగేవాళ్లు బాల్కనీ డబ్బు మిగిల్చి డెనాలిలో ఇంకో రాత్రి కొనుక్కోవడం మంచిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం బాల్కనీ ఇప్పించండి. సముద్రం పడనివాళ్లు ఓడ మధ్యభాగంలో కింది అంతస్తు గది అడగాలి. ద్వీపాల మధ్య నీళ్లు నిలకడగానే ఉంటాయి, గల్ఫ్ ఆఫ్ అలాస్కా దాటేటప్పుడే ఊపు. మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, గంట ముందు వేసుకోవాలి. ఏ మాత్రో ఇక్కడే డాక్టరును అడగండి.

తిండి సంగతి. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె ఓడలోకి రానివ్వరు. స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. శాకాహారం, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం కావాలంటే రెండు నెలల ముందే ఓడ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, ఎక్కిన రోజే భోజనశాల పర్యవేక్షకుడికి గుర్తుచేయాలి. ముందురోజు రాత్రి చెబితే మర్నాటికి పప్పూ కూరా చేసిపెట్టే ఓడలు చాలా ఉన్నాయి. ఇబ్బంది నేల మీదే. డెనాలి చుట్టుపక్కల హోటళ్లు తక్కువ, శాకాహారం ఇంకా తక్కువ. కంపెనీ సీలు ఉన్న కందిపొడి, అటుకులు, వేడినీళ్లు పోస్తే సరిపోయే ఉప్మా ప్యాకెట్లు పెట్టుకోండి. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు సరిహద్దులో తీసేస్తారు, చెప్పకుండా దాచితే జరిమానా. లాడ్జి బయట తిండి వదిలేయకండి, ఎలుగులు వాసన పట్టి వస్తాయి.

బట్టలు పొరలు పొరలుగా ఉండాలి. జూలైలో కూడా తీరంలో పగలు 12 నుంచి 18 డిగ్రీల సెల్సియస్, హిమానీనదం ముందు అంతకన్నా బాగా చలి. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటే దిక్కు. జీన్స్ తడిస్తే రెండు రోజులైనా ఆరవు. పెద్ద సూట్‌కేసు హోటల్ నుంచి హోటల్‌కు వేరే వాహనంలో వెళ్తుంది, ఓడ దిగే ముందురాత్రి కూడా గది బయట పెట్టేయాలి. పాస్‌పోర్టు, మందులు, మర్నాటి బట్టలు అందులో పెట్టేస్తే ఇక చేతికందవు. మందుల చీటీ జెనరిక్ పేర్లతో ఇంగ్లిషులో రాయించుకోండి. ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకూ, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించే ఖర్చుకూ రక్షణ ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. ఓడ డాక్టరు ఉచితం కాదు.

ఇక డబ్బు కట్టే వరస. ప్రకటనలో ధర కిటికీ లేని గదికి, ఇద్దరు ఉంటే తలకు ఇంత అని. దానిపైన రేవు పన్నులు, రోజుకు తలకు సుమారు 16 నుంచి 20 డాలర్ల సిబ్బంది టిప్పు, రేవుల్లో టూర్లు వేరే. క్రూయిజ్ కంపెనీలు సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందు మొత్తం కట్టించుకుంటాయి, ఆపైన రద్దు చేస్తే కోత మొదలవుతుంది. కాబట్టి ఆ తేదీని ఏజెంటు చేత కాగితం మీద రాయించుకుని, కెనడా వీసా దరఖాస్తు దానికన్నా కనీసం రెండు నెలల ముందే పెట్టండి. వీసా చేతికొచ్చాక మిగతా సొమ్ము కట్టండి. లాడ్జి మైలు నంబరు, పార్కు దగ్గర రాత్రుల సంఖ్య, బస్సు ఏ మైలు దగ్గర తిరుగుతుందో కూడా అదే కాగితం మీద ఉండాలి. ఈ నాలుగూ రాసివ్వని ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వొద్దు. ప్రకటనలు ఇచ్చేవాళ్లను కూడా ఈ వివరాలు ప్రకటనలోనే వేయమని మీ పత్రిక అడిగితే మరీ మంచిది.

ఇట్లు,
పర్యటనలు ఏర్పాటు చేసే పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్