భాగ్యనగరానికీ ఒక పుట్టినరోజు

సంపాదకులకు నమస్కారం.

1639 ఆగస్టు 22ను తమ ఊరి పుట్టినరోజుగా భావించి చెన్నైవాసులు ఏటా వేడుక చేసుకుంటారు. 2004లో కొందరు చరిత్రాభిమానులు, పాత్రికేయులు సర్కారు ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టిన ఆ ఉత్సవంలో పాత వీధుల్లో నడకలు, ప్రసంగాలు, ఛాయాచిత్ర ప్రదర్శనలు ఉంటాయి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్‌తో శ్రీకారం చుట్టిన హైదరాబాద్‌కు మాత్రం అలాంటి రోజు ఊరంతటికీ అలవాటు కాలేదు.

తేదీ తేలలేదన్నది సాకు మాత్రమే. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు కొమ్మలు పట్టుకున్న 150 మంది దాకా ప్రాణాలు నిలిపిందని చెప్పుకునే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద నేర్పిన పాఠంతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరోత్సవాన్ని ఆ చెట్టు నీడనే ప్రారంభించవచ్చు. లేజర్ షోలు, ఫ్లెక్సీలు దయచేసి వద్దు. వాటికి మనకు కొదవ లేదు.

2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది ఓటర్లు కూడా పోలింగ్ కేంద్రాలకు రాలేదు. అందుకే ఉత్సవం రోజున ప్రతి వార్డులో కాలనీవాసులు ఇంజినీరును వెంటబెట్టుకుని నాలా పొడవునా నడిచి, పూడిక ఎక్కడుందో, ఆక్రమణ ఎక్కడుందో రాయించి, ఆ కాగితాన్ని వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. కొత్త ఓటర్ల నమోదు కూడా అక్కడే జరగాలి. ఈ నడకల వేళలను వార్డుల వారీగా మీ నగర అనుబంధంలో ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్