చిలకముక్కు కోళ్లు: ఒకే పొదుగు జతను కొనకండి

సంపాదకులకు,

సంక్రాంతి దగ్గరపడితే చాలు, చిలకముక్కు పుంజుల ధరల మీద వార్తలు వస్తాయి. పుంజు ఫొటో, పక్కనే లక్షల్లో అంకె. అది చదివి పెరట్లో ఈ జాతిని పెంచుదామని దిగేవాళ్లు ముందుగా ఒక 'జత' కొంటారు. ఆ జత చాలాసార్లు ఒకే పెట్ట చేసిన పిల్లలు, అంటే అన్నాచెల్లెళ్లు. రెండేళ్లలో వట్టి గుడ్లు, పెంకులోనే చచ్చే పిల్లలు, వంకర ముక్కులు మిగిలి, ఈ జాతి మనకు అచ్చిరాదని వదిలేస్తారు. తప్పు జాతిది కాదు, జత కట్టిన తీరుది.

చిలకముక్కు అనేది అసీల్ అనే పందెంకోడి జాతిలోనే ఒక రకం. పొట్టిగా కిందికి వంగిన ముక్కు, తెల్లటి కన్ను, నేలను తాకే తోక దీని లక్షణాలు. తమిళనాడులో కిళిమూక్కు విసిరివాల్ అనేది ఈ రకాన్నే. దీన్ని పెంచుకునేది అందానికి. కోళ్లను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఎలాగూ నేరమే. బరికీ ఈ పెంపకానికీ ముడిపెట్టకుండా రాస్తే జాతికి మేలు.

తోబుట్టువులను కలిపితే పుట్టే పిల్లల్లో, ఏ జన్యువు తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి రావడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. దాగి ఉన్న లోపాలన్నీ అలా బయటపడతాయి. ముందు దెబ్బతినేది గుడ్లలో పిల్ల కట్టడం, తర్వాత పొదుగు, ఆ తర్వాత పిల్లల బతుకు. అసీల్ పెట్ట అసలే ఏడాదికి ముప్పై నుంచి అరవై గుడ్లు మించి పెట్టదు కాబట్టి, ఇందులో సగం పోయినా మంద నిలబడదు. అందుకని పెట్టలను ఒక ఊళ్లో, పుంజును దానితో సంబంధం లేని మరో చోట కొనాలి. డబ్బు తక్కువైతే పుంజు దగ్గర తగ్గండి, పెట్ట దగ్గర తగ్గకండి. మెడ, కాలు, ఎముక, ముక్కు బాగున్న పెట్ట దొరకడమే కష్టం. పిల్లకు సగం వచ్చేది దాని నుంచే అయినా వార్తల్లో పెట్ట ఫొటో కనిపించదు.

ముగ్గురు ఇరుగుపొరుగు కలిస్తే ఏళ్ల తరబడి దగ్గరి సంబంధాలు తప్పించుకోవచ్చు. ఎవరి పెట్టలు వారింటే ఉంటాయి. ఏటా పుట్టిన పుంజుల్లో మేలైనదాన్ని మొదటి ఇంటివారు రెండో ఇంటికి, వారు మూడో ఇంటికి, వారు మొదటి ఇంటికి ఇస్తారు. పిల్లలకు ఇంటికో రంగు ప్లాస్టిక్ రింగు కాలికి వేయాలి. కాలు లావెక్కే కొద్దీ రింగు మార్చకపోతే కండలోకి దిగుతుంది. గుడ్డు మీద పెట్ట గుర్తు పెన్సిల్‌తోనే రాయండి.

ఒక పుంజుకు నాలుగైదు పెట్టలు చాలు. పుంజును మార్చినప్పుడు పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాల వరకూ పనిచేస్తుంది. మూడు వారాలు ఆగి ఆ తర్వాతి గుడ్లే పొదుగుకు పెట్టాలి. ఇది పాటించక తండ్రి ఎవరో తేలని పిల్లల్ని 'ప్యూర్ లైన్' (కల్తీలేని వంశం) అని అమ్మేవాళ్లున్నారు.

కొనేవారిని మోసం చేసే ఇంకో సంగతి కోడి తల మీది ఎర్ర జుట్టు. అసీల్‌కు మూడు వరసల బొడిపెలతో, తలకు అంటుకున్నట్టుండే చిన్న జుట్టు ఉండాలి. ఆ జన్యువు బలమైనది. మామూలు రంపంపళ్ల జుట్టు నాటుపెట్టతో కలిపినా పిల్లలకు దాదాపు అదే వస్తుంది, మధ్య వరస కాస్త ఎత్తుగా ఉంటుందంతే. అనుమానముంటే ఆ పుంజును రంపంపళ్ల జుట్టు పెట్టతో కట్టి పిల్లల్ని చూడండి. ఒక్క పిల్లకు రంపంపళ్ల జుట్టు వచ్చినా పుంజులో కలగలుపు ఉన్నట్టే. వరసగా ఎనిమిది పిల్లలకు బొడిపెల జుట్టే వస్తే, కలగలుపు పుంజుకు అలా జరిగే అవకాశం 256లో ఒకటి మాత్రమే. అయితే ఇది జుట్టు వరకే సాక్ష్యం, తక్కిన జాతి లక్షణాలకు కాదు. అలాగే నెల పిల్ల ముక్కు చూసి డబ్బు కట్టకండి. వంపు తేలడానికి నెలలు పడుతుంది, తోక నిండటానికి ఏడాది దాటుతుంది.

ముక్కు మరీ వంగిన పుంజుకు మరీ వంగిన పెట్టనే కలపాలన్న ఆశ మంచిది కాదు. పై ముక్కు కింది ముక్కును దాటిపోతే కోడి నేల మీది గింజ ఏరుకోలేదు. అలాంటి కోడికి రెండంగుళాల లోతున్న గిన్నెలో మేత పోయండి. పైముక్కు, కిందిముక్కు కత్తెరలా పక్కలకు తప్పుకున్న పిల్లను సాకండి గాని జతకు వాడకండి.

తోక కోసం కోడి కూర్చునే దండెం ఎత్తుగా కట్టాలి, కానీ బరువైన ఈ కోడి ఎత్తు నుంచి దూకితే పాదం కింద దెబ్బ తగిలి చీము పడుతుంది. మూడడుగుల ఎత్తున, రెండంగుళాల వెడల్పు, అంచులు గుండ్రంగా చెక్కిన కర్ర వేసి, దిగడానికి పలకను వాలుగా ఆనించండి. కింద పొడి ఊక ఉండాలి.

పొదుగుకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. గుడ్లు ఏడు రోజులకు మించి నిల్వ ఉంచవద్దు, కడగవద్దు, సన్నపు కొస కిందికి పెట్టండి. ఎండ ముదిరితే తడి ఇసుకలో పాతిన కుండలో ఉంచండి. గది వేడికే గుడ్డులో పిండం కదలడం మొదలై, సగంలో ఆగి చస్తుంది. అసీల్ పెట్ట బరువుకు గుడ్లు పగులుతుంటే నెమ్మదైన నాటుపెట్ట కింద ఎనిమిది, పది సర్దండి. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూస్తే ఎర్రని నరాలు కనిపిస్తాయి. కనిపించనివి తీసేయండి.

పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి, ఆపై వారానికి మూడు డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, గోడలకు అంటుకుంటే వేడి. గుడ్లకోళ్ల పిల్లల మేత పెట్టండి. గుడ్లు పెట్టే పెద్ద కోళ్ల మేత వద్దు, అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు చెడతాయి. పుంజుపిల్లలను మూడు నెలలకే విడదీయాలి.

ఇక కొక్కెర తెగులు (రాణిఖేత్). ఏళ్ల శ్రమ వారంలో తుడిచిపెట్టుకుపోతుంది. ఐదు నుంచి ఏడో రోజులోపు ఈ తెగులుకు లాసోటా టీకా కంట్లో చుక్క, 14వ రోజు గంబోరో అనే మరో జబ్బుకు టీకా, 28వ రోజు మళ్లీ లాసోటా, ఆరో వారం మశూచి టీకా, ఎనిమిదో వారం ఆర్‌2బి (కొక్కెర తెగులుకే ఇంకా బలమైన టీకా) అర మిల్లీలీటరు చర్మం కింద. ఆర్‌2బి అంతకన్నా చిన్న పిల్లలకు వేస్తే టీకాయే జబ్బు తెస్తుంది. ఆర్‌2బికి వారం ముందు నులిపురుగుల మందు వేయాలి. టీకా ఐసు ఫ్లాస్కులోనే తెచ్చి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి.

చిక్కు ఎక్కడంటే, సీసాలో సాధారణంగా వంద డోసులో, అంతకన్నా ఎక్కువో ఉంటాయి, పెరట్లో ఉండేవి పదిహేను కోళ్లు. ఒక్క ఇంటికి తెరిస్తే మిగిలింది పారబోయాల్సిందే, అందుకే చాలామంది వేయించడమే మానేస్తున్నారు. పశుసంవర్ధక శాఖ ప్రతి ఊరికీ నెలకో టీకా రోజు ఖరారు చేయాలని, ఆ తేదీలను మీ పత్రిక జిల్లా పేజీలో ముందు రోజే వేయాలని కోరుతున్నాం.

— కొందరు పెరటికోళ్ల పెంపకందారులు, ప్రకాశం జిల్లా