పెంటాథ్లాన్‌కు గుర్రం అడ్డు తొలగింది; ఇక ఈత సంగతి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రానున్న మార్పుల గురించి ఇటీవల మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసంలో మోడరన్ పెంటాథ్లాన్‌కు దక్కింది ఒకే ఒక్క వాక్యం. గుర్రపు స్వారీని తీసేసి, దాని స్థానంలో అడ్డంకుల పరుగును పెడుతున్నారన్నది దాని సారాంశం. వార్తగా అది సరిపోతుంది. అయితే కోనసీమ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు, ఈ ఆటకూ మన గోదావరి డెల్టా పిల్లలకూ మధ్య ఇన్నాళ్లూ నిలిచిన పెద్ద అడ్డు ఆ నిర్ణయంతో తొలగిపోయిందనిపించింది. మిగిలిన అడ్డు మన చేతుల్లో ఉన్నదే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

కత్తిసాము, ఈత, గుర్రపు స్వారీ, పిస్తోలు కాల్పులు, పరుగు అనే ఐదింటిలోనూ ఒకే వ్యక్తి పోటీపడడమే 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా ఈ ఆట. శత్రువుల మధ్య చిక్కుకున్న సైనికుడు తనది కాని గుర్రమెక్కి, కత్తితోనూ పిస్తోలుతోనూ పోరాడి, నది ఈది, చివరకు పరుగెత్తి తన దళాన్ని చేరుకోవాలన్న ఊహ మీద కట్టిన ఆట ఇది. ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడైన కూబెర్టాన్ చొరవతో 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. చాలాకాలం సైనికాధికారుల సొత్తుగానే సాగింది. 1952లో స్వర్ణం గెలిచిన స్వీడన్ వడ్రంగి లార్స్ హాల్ సైన్యానికి చెందని మొదటి విజేత. మహిళలకు 2000లో సిడ్నీలో గానీ ప్రవేశం దొరకలేదు. మన కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చిన ఒలింపిక్స్ అవే.

ఈ ఆటలో అందరికంటే ఎత్తుకు ఎదిగినవాడు ఎవరంటే నేను హంగరీకి చెందిన అంద్రాష్ బాల్ట్సో పేరే చెబుతాను. 1938లో కొండొరోష్ అనే ఊళ్లో ఒక లూథరన్ పాస్టర్ ఇంట పుట్టిన ఆయన, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత విభాగంలో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నా, హంగరీకి జట్టు స్వర్ణం తెచ్చిన ముగ్గురిలో ఒకరయ్యారు. ఆ తరువాత 1963, 1965, 1966, 1967, 1969 సంవత్సరాల్లో ఐదుసార్లు వ్యక్తిగత ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచారు. ఇన్ని గెలిచినా ఒలింపిక్స్ వ్యక్తిగత స్వర్ణం మాత్రం అందలేదు. 1964 టోక్యో క్రీడల్లో ఆయన పాల్గొనలేదు. 1968లో మెక్సికోలో స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ ఫెర్మ్ కన్నా కేవలం 11 పాయింట్లు వెనకబడి వ్యక్తిగత విభాగంలో రజతంతో సరిపెట్టుకున్నారు. వేల పాయింట్ల లెక్కలో పదకొండంటే ఎంత స్వల్పమో ఊహించుకోవచ్చు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. మన దగ్గరైతే ఆ వయసులో ఆటగాడికి సన్మానం చేసి, శాలువా కప్పి పంపించేస్తారు.

ఆయన మరో నాలుగేళ్లు ఆగారు. 1972 మ్యూనిక్‌లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, 5412 పాయింట్లతో వ్యక్తిగత స్వర్ణం సాధించారు. ఆనాడు ఆయన వెనుక రజతం అందుకున్న సోవియట్ క్రీడాకారుడు బోరిస్ ఒనిష్చెంకో సరిగ్గా నాలుగేళ్ల తరువాత మాంట్రియల్‌లో పట్టుబడ్డాడు. ప్రత్యర్థికి కత్తి తగలకపోయినా తగిలినట్టు దీపం వెలిగేలా పిడిలో మీట అమర్చుకున్నాడు. బ్రిటన్ క్రీడాకారులకు అనుమానం వచ్చి అడిగితే గుట్టు బయటపడి, సోవియట్ జట్టు జట్ల విభాగం నుంచి తప్పుకోవలసి వచ్చింది. దురదృష్టమేమంటే ఈ ఆట గురించి తెలిసినవారికి కూడా ఎక్కువగా గుర్తున్నది ఆ మోసమే గానీ, దానికి ముందు జరిగిన ఆ ఓపికగల గెలుపు కాదు. మ్యూనిక్‌లోనే కాంస్యం గెలిచిన హంగరీ జిమ్నాస్ట్‌ల జట్టు సభ్యురాలు మోనికా చాసార్‌ను ఆయన తరువాత వివాహమాడారు. వారికి పన్నెండుమంది సంతానం.

గుర్రం విషయానికి వస్తాను. పెంటాథ్లాన్‌లో ఎవరి గుర్రం వారు తెచ్చుకునేవారు కాదు. చీటీలో వచ్చిన గుర్రంతో ఇరవై నిమిషాలు మచ్చిక చేసుకుని అడ్డుకట్టల మీదుగా దూకించాల్సి వచ్చేది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, అప్పటిదాకా ముందంజలో ఉన్న జర్మనీ క్రీడాకారిణి అనికా ష్లాయ్ ఎక్కిన గుర్రం మొరాయించింది. ఆమె కన్నీళ్లు పెట్టుకోవడం, శిక్షకురాలు ఆ గుర్రాన్ని గుద్దడం ప్రపంచమంతా చూసింది. ఆ గొడవ తరువాతే స్వారీని తీసేయాలని అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించింది. పాతకాలపు మనిషిని కనుక నాకు కొంత బాధగానే ఉంది. పరాయి జంతువును మాటతో, మోకాళ్లతో ఒప్పించగలగడం చిన్న విద్య కాదు. కానీ అమలాపురంలోనో నరసాపురంలోనో ఏ రైతు బిడ్డకు అడ్డుకట్టలు దూకే గుర్రం దొరుకుతుంది? ఇప్పుడు దాని బదులు వచ్చిందల్లా 60, 70 మీటర్ల దూరంలో 8 అడ్డంకులు. రింగులు పట్టుకుని వేలాడడం, కడ్డీల మీదుగా చేతులతో సాగడం, చివరన వంపు గోడ ఎక్కడం. చిన్నప్పటి నుంచి చెట్లెక్కి పెరిగే పిల్లలకు ఇవి కొరుకుడు పడనివేమీ కావు.

ఇక మిగిలిన అడ్డు ఈత. చుట్టూ నీళ్లుండే మనకు ఈత అడ్డేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. లాకుల దగ్గర కాలువలోకి దూకే కుర్రవాడిని గమనించండి. వాడు తల పూర్తిగా పైకెత్తి ఈదుతాడు; ఎదురొచ్చే గుర్రపుడెక్క మొక్కలనూ కొట్టుకొచ్చే కొమ్మలనూ చూసుకోవాలి కదా. తల పైకి లేచినంతసేపూ నడుమూ కాళ్లూ నీళ్లలోకి దిగిపోతాయి. ప్రవాహం వెంట పోయేటప్పుడు ఆ లోపం తెలియదు. అదే కుర్రవాణ్ని నిలవ నీటిలో, పెంటాథ్లాన్‌లో మాదిరిగా 200 మీటర్లు ఈదమంటే వందకే రొప్పుతాడు. ముఖం నీటిలోనే ఉంచి పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవడం, గోడ దగ్గర మునిగి తిరిగి కాళ్లతో తన్నుకుని మళ్లీ బయలుదేరడం కొలనులో తప్ప నేర్పలేం. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను వేసవిలో కట్టేస్తే, సెలవులున్న ఆ రోజుల్లోనే పిల్లలకు ఆ మాత్రం నీరూ కరువవుతుంది. హంగరీకి సముద్రం లేదు, జనాభా కోటికి లోపే. అయినా 2024 పారిస్‌లో మహిళల పెంటాథ్లాన్ స్వర్ణం ఆ దేశపు మిషెల్ గుయాష్‌దే. బడి వయసు నుంచే పిల్లలను కొలనులో దింపే దేశానికి ఇలాంటి విజయాలు ఊరికే రాలేదని నా నమ్మకం.

తల్లిదండ్రులతో ఈ ఆట గురించి మాట్లాడితే, రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని పెద్దలు చెబుతుంటే మీరు ఐదు పడవలంటారేమిటని అడిగినవారున్నారు. వారిని తప్పుపట్టను. పన్నెండేళ్లకే ఒక్క ఆటకు కట్టేసే ఎంపికలు మనవి. ఆ ఆటలో రాణించకపోతే పిల్లవాడు ఇంటికే. ఐదింటిలో ఓ మోస్తరుగా ఉంటూ రోజూ కొంచెం కొంచెం మెరుగయ్యే పిల్లవాడిని పరీక్షించే కొలబద్దే మన దగ్గర లేదు. అలాంటి వాడికే ఈ ఆటలో భవిష్యత్తు ఉంది.

కత్తులూ లేజర్ పిస్తోళ్లూ ఖరీదైనవే, ఒప్పుకుంటాను. అయితే తొలి మెట్టుకు అవి అక్కరలేదు. పెంటాథ్లాన్ అంతర్జాతీయ సమాఖ్యే నిర్వహించే బయాథ్లీ అనే పోటీలో పరుగు, ఈత, మళ్లీ పరుగు మాత్రమే ఉంటాయి. డెల్టా జిల్లాల క్రీడాధికారులు నియోజకవర్గానికి ఒకటి చొప్పున 25 మీటర్ల కొలను కట్టించి, ఉన్నత పాఠశాలల వార్షిక క్రీడల్లో బయాథ్లీని చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందాకా, పట్టణాల్లో ఇప్పటికే ఉన్న ప్రభుత్వ కొలనులను కాలువలు కట్టేసే నెలల్లో ఉదయం పూట రెండు గంటలు ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా వదిలితే ఈ ఏడే పని మొదలుపెట్టవచ్చు. నేర్పడానికి నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు జీతం అడగకుండా వస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అమలాపురం, కోనసీమ జిల్లా