మామిడి సీజన్ ముందు కంట్రోల్ ప్యానెల్ మార్పు: మీరు పంపిన ప్లాన్‌పై ఫిర్యాదు

ప్రాజెక్ట్స్ మేనేజర్ గారికి,

నమస్కారం సార్. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్ చూసేది నేనే. మా పాత పీఎల్‌సీ (లైన్‌ను నడిపించే కంట్రోల్ కంప్యూటర్) ప్యానెల్ తీసేసి కొత్తది పెట్టడానికి అక్టోబర్‌లో మీకు ఆర్డర్, అడ్వాన్స్ రెండూ ఇచ్చాం. నెలలో సైట్ సర్వే చేసి పూర్తి ప్లాన్ ఇస్తామన్నారు. ఇప్పుడు ఫిబ్రవరి. మొన్న మీ నుంచి వచ్చింది ఒక్క పేజీ. మే చివర్లో రెండు రోజులు ప్లాంట్ ఆపితే చాలు, మార్చేస్తామని రాశారు.

మే చివరంటే మాకు తోతాపురి మామిడి సీజన్ ముంగిట ఉన్నట్టే. జూన్‌లో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరాక గుజ్జును వేడిచేసి క్రిముల్ని చంపే స్టెరిలైజర్ ఆగితే, కోసిన కాయ ఎండలో కుళ్లిపోతుంది, ఆ నష్టం మీకూ నాకూ కాదు, రైతుకు.

మీ ఇంజనీరు ఒక పూట వచ్చి ప్యానెల్ ఫోటోలు తీసుకొని, 2006 నాటి డ్రాయింగులు పట్టుకెళ్లారు. ఐఓ లిస్ట్ (ఏ సిగ్నల్ ఏ కార్డుకు వస్తుందో చూపే జాబితా) మొత్తం వాటిని చూసే చేశారు. డ్రాయింగ్‌లో హోల్డింగ్ ట్యూబ్ (వేడి గుజ్జు సాగే గొట్టం) ఆర్‌టీడీ, అంటే వేడి కొలిచే సెన్సర్, పీఎల్‌సీలో 4వ కార్డు మీద ఉంది. ఆ ఛానల్ 2019 సీజన్‌లో కాలిపోతే రాత్రికి రాత్రే 6వ కార్డుకు మార్చాం, ఆ సంగతి ప్యానెల్ డోరు లోపలి వైపు పెన్సిల్‌తో రాసి ఉంది. డోరు తెరిచి చూసుంటే కనిపించేది. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి సార్, ఒక్కో వైరూ పట్టుకొని చూస్తే తప్ప తేలవు.

అన్నిటికన్నా భయమేసింది డైవర్ట్ వాల్వ్ లాజిక్ చూశాక. గుజ్జు వంద డిగ్రీలు దాటి వేడెక్కి, హోల్డింగ్ ట్యూబ్‌లో ఉండాల్సినంత సేపు ఉండి, చల్లారాకే బ్యాగుల్లోకి పోవాలి. వేడి తగ్గితే వాల్వ్ దాన్ని వెనక్కి ట్యాంకుకు మళ్లించాలి, కరెంటు పోయినా, గాలి ప్రెషర్ పోయినా వెనక్కే మళ్లాలి. మీ లాజిక్‌లో సిగ్నల్ ఇస్తేనే వెనక్కి, లేకపోతే ముందుకు అని ఉంది. పైగా ఆర్‌టీడీ వైరు తెగితే రీడింగ్ అమాంతం పైకి పోతుంది, మీ ప్రోగ్రామ్ దాన్ని ‘వేడి సరిపోయింది’ అనుకుంటుంది. పాత ప్రోగ్రామ్‌లో దీనికి అడ్డు ఉంది, మీరు రాసిన దాంట్లో లేదు. స్టెరిలైజ్ కాని గుజ్జు రెండు వందల లీటర్ల డ్రమ్ముల్లోని బ్యాగుల్లోకి వెళ్తే ఆ రోజు తెలియదు, గోడౌన్‌లో డ్రమ్ములు ఉబ్బాక తెలుస్తుంది.

ఈ మార్పు వాయిదా వేసే పరిస్థితి మాకూ లేదు. పాత కార్డులు కొత్తవి దొరకడం లేదు, ఆపరేటర్ కంప్యూటర్ ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోంది, దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగింది 2014లోనే. అందుకే అడుగుతున్నా, మళ్లీ సర్వేకు రండి, కనీసం నాలుగు రోజులుండి ప్రతి సిగ్నల్ నాతో కలిసి చెక్ చేయండి. ప్యానెల్ మీ వర్క్‌షాప్‌లో ఉండగానే మా ఆపరేటర్ల ముందు టెస్ట్ చేయాలి, వైరు తీసేసి, కరెంటు ఆపి కూడా చూపించాలి. ఏప్రిల్ 15 లోపు ఇక్కడ బిగించి, ముందు నీళ్లతో నడిపి చూద్దాం. అవసరమైతే ఒక్క పూటలో పాత ప్యానెల్‌కు తిరిగి వెళ్లగలిగేలా సీజన్ అయ్యేదాకా దాన్ని విప్పొద్దు. ప్రోగ్రామ్ కాపీ, పాస్‌వర్డ్ మాకు ఇవ్వాల్సిందే, అర్ధరాత్రి లైన్ ఆగితే మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం.

వచ్చే సోమవారం లోపు సర్వే తేదీలు, సరిచేసిన లాజిక్ పంపండి. అప్పటిదాకా రెండో విడత బిల్లు మీద నేను సంతకం పెట్టను, మా మేనేజర్ గారికీ ఇదే చెప్పాను.

ఇట్లు,
ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్